కుక్కకూన ఒక్కపొద్దు

మా పైఅంతస్తులో ఉండే దంపతులిద్దరూ పొద్దున్నే ఆఫీసులకు వెళ్లిపోతారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు, మంచివాళ్లు. మొన్న ఆ అమ్మాయి మెట్లు దిగి వచ్చి, "ఆంటీ, మా క్యాండీకి బొత్తిగా బాగోలేదండీ, సెలైన్ పెడుతున్నారు. మీరు కాస్త దగ్గర కూర్చుంటారా? మాకిద్దరికీ ఇవాళ మీటింగులున్నాయి" అంది. మా అపార్టుమెంటులో పగలు ఇంట్లో ఉండే మనిషిని నేనొక్కదాన్నే. గ్యాస్ సిలిండర్లు దించుకోవడం, స్కూలు బస్సు దగ్గర ఎవరెవరి పిల్లలనో అందుకోవడం, అన్నీ నా మీదే పడతాయి. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి తల్లీ అని చెబుదామనుకునే లోపే ఆటో గేటు ముందుకు వచ్చేసింది.

గుండ్లపోచంపల్లి రోడ్డు మీద కొత్తగా పెట్టిన పశువైద్యుడి క్లినిక్ అది. పశువులంటే అక్కడ కుక్కలూ పిల్లులే. గొర్రెను తోలుకొని వెళ్తే లోపలికి రానిస్తారో లేదో నాకు తెలియదు. చల్లటి గది, ఫినాయిల్ వాసన, గోడకు వరుసగా స్టీలు గూళ్లు. ఒక గూటిలో క్యాండీ. చెవులు వేలాడే గోధుమరంగు పిల్ల, ముందుకాలికి పట్టీ, పట్టీలోంచి సన్నటి గొట్టం. గూటికి ఒక అట్ట వేలాడదీసి ఉంది: "నోటికి ఏమీ ఇవ్వరాదు." ఆ అట్ట చదివి, ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలాను. ఇనుమూ పులుపూ కలిసినట్టుండే ఆ జబ్బు వాసన ఫినాయిల్ కింద నుంచి కూడా నా ముక్కుకు తగిలింది. ఆ వాసన ఒకసారి ఇంట్లోకి వస్తే మనిషి మరిచిపోడు. క్యాండీ పక్కన కూర్చున్న ఆ పూటంతా నేను శామీర్‌పేట చెరువు అవతలి మా పాత ఇంట్లోనే ఉన్నాను.

మాది కురుమల ఇల్లు. ముందు రెండు అర్రలు, వెనక గొర్రెల దొడ్డి, మధ్యలో వాకిలి. వాకిట్లో ఎప్పుడూ ఏదో ఒక గొంగడి ఆరుతూ ఉండేది. తడిసిన గొంగడి వాసన, గొర్రెల పెంట వాసన, పొయ్యి మీద మాడిన జొన్నరొట్టె వాసన, ఈ మూడూ కలిస్తే అది మా ఇల్లు. అవ్వ, అంటే మా బాపు తల్లి, తెల్లారకముందే లేచి గొర్రెలను ఒక్కొక్కదాన్నే ముట్టుకుంటూ దొడ్డంతా తిరిగేది. వాటి జ్వరం, వాటి కడుపు, వాటి దిగులు అన్నీ ఆమెకు అరచేతిలోనే తెలిసేవి. అమ్మ మాత్రం దొడ్డి వైపు చూడకుండా పనిచేసేది. పెళ్లయిన నాటి నుంచి పెంట ఎత్తి ఎత్తి ఆమె నడుము వంగింది. "నా చావు గీ గొర్ల పెంటలనే" అనడం ఆమెకు అలవాటు. అది కోపం కాదు, అలసట. అప్పుడు నాకు ఆ తేడా తెలియదు, ఇప్పుడు నా నడుముతో తెలుస్తోంది.

ఆ రోజుల్లోనే చెరువు చుట్టుపక్కల భూములకు రంగులేసిన రాళ్లు పాతుతున్నారు. నిన్న మంద మేసిన చోట ఇవాళ రాతి కడీలు, తీగ. బాపు పొద్దున బయలుదేరితే ఎండ తిరిగే దాకా పచ్చిక కోసం నడవడమే. మేడ్చల్ దగ్గర ఒక గోదాములో కావలి పని ఉందని మా మేనమామ చెప్పాడు. మందను గుత్తకు కొనేందుకు ఒకాయన వచ్చి చూసి కూడా పోయాడు. అమ్మ ఆ కొద్ది రోజులూ పాట పాడుకుంటూ వాకిలి ఊడ్చింది. మంద పోతే నన్ను మేడ్చల్‌లో ఇంటర్ చదివిస్తామన్నారు. పదో తరగతి అయిపోయి నేను కూడా మధ్యాహ్నాలు గొర్రెల వెంట తిరుగుతున్నాను అప్పటికి. బాపు ఒక్కడే ఊ అనలేదు, ఉఁహూ అనలేదు.

సరిగ్గా అప్పుడే మా మంద కుక్క కరీంనగర్ రోడ్డు దాటుతూ లారీ కింద పడింది. దాని ఈతలో మిగిలింది ఒక్కటే కూన. నల్లగా, ఛాతీ మీద తెల్ల చుక్కతో, పిడికెడంత. దాని తల్లి, తల్లి తల్లి, అన్నీ మా మంద వెంట నడిచినవే. బాపు ఆ కూనను గొంగడి కొంగులో వేసుకొని మందతో పాటు తిప్పేవాడు. "కుక్క లేని మంద, తలుపు లేని ఇల్లు" అనేవాడు. ఆ కూనకు ఒకనాడు వాంతులు మొదలయ్యాయి. మొదట నురగ, తరువాత పసుపు, సాయంత్రానికి కింద నుంచి నెత్తురు. బాపు దొడ్డి గోడకు ఆనుకొని కూర్చొని, "గిది గూడ పోతే ఇగ మంద ఎందుకు? అమ్మేద్దాం" అన్నాడు. అమ్మ ఆ మాట విని కూడా సంతోషపడలేదు. కొంగుతో కూన మూతి తుడిచి లోపలికి పోయింది.

తెల్లారి మేడ్చల్ పశువుల దవాఖానకు బాపూ నేనూ షేర్ ఆటోలో పోయాం. గొర్రెలకు మందు తాపించడానికి బాపు ఏటా అక్కడికే పోయేవాడు. కుక్కను పట్టుకొని పోవడం అదే మొదలు. పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకొని, "కుక్కకు దవాఖానేంది పెద్దమనిషీ, గమ్మతుగున్నవ్" అన్నారు. బాపు కూనను గొంగడిలోకి ఇంకాస్త జరుపుకున్నాడు. అక్కడ డాక్టరమ్మ కృష్ణా జిల్లా ఆవిడ, సన్నగా, అద్దాలు పెట్టుకొని, బర్రెల కట్టుకొయ్యల మధ్య చెప్పుల్లో నిలబడి ఉంది. కూన చిగుళ్లు చూసింది, చర్మం పట్టి లాగి వదిలింది. లాగిన చర్మం వెంటనే సర్దుకోలేదు. "ఒంట్లో నీళ్లన్నీ పోయాయండీ. ఇది పేగుల జబ్బు. బతకొచ్చు, బతకకపోవచ్చు. నేను సెలైన్ ఎక్కిస్తాను, సూదులు వేస్తాను, రోజూ తీసుకురండి. కానీ వాంతులు ఆగే దాకా నోటికి ఏమీ పెట్టకూడదు. నీళ్లు కూడా. అర్థమైందా?" అంది. బాపు తలూపాడు.

దవాఖాన పక్క సందులోనే గ్రంథాలయం. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ నేను అక్కడికి పోయి బీరువాల్లో వెతికాను. అంతకుముందు కూడా ఒకటి రెండుసార్లు పోయి కథల పుస్తకాలు తిరగేసినదాన్నే, కానీ ఒక సంగతి తెలుసుకోవాలని పుస్తకం తెరిచింది అప్పుడే. పాడిపశువుల పెంపకం మీద ఒక పాత పుస్తకం దొరికింది. కుక్కల గురించి అందులో అరపేజీయే ఉంది. జబ్బు పేరు లేదు. కానీ కడుపు పుండైనప్పుడు తిండి దానికి మందు కాదనీ, దెబ్బ తగిలిన కాలితో పరిగెత్తించడం లాంటిదనీ రాసి ఉంది. ఆ వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆటోలో వస్తూ బాపుకు అప్పజెప్పాను. బాపు అంతా విని, "పుస్తకంల కుక్కకు ఆకలి గాదా బిడ్డా?" అన్నాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అతిథి వచ్చినా, బిచ్చగాడు వచ్చినా, ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోయినా మొదట నోట్లో ఏదో ఒకటి పడాలి. జ్వరమొస్తే గంజి, దెబ్బ తగిలితే బెల్లం, ఏడిస్తే రొట్టె ముక్క. పెట్టకుండా చూస్తూ కూర్చోవడమనే విద్య మా ఇంట్లో ఎవరికీ రాదు. ఆ సాయంత్రం కూన గోనెసంచి మీద పడుకొని, మనిషి పోతుంటే కళ్లు మాత్రం తిప్పి చూస్తోంది. అందరూ డాక్టరమ్మ మాటే అనుకుంటూ అటూ ఇటూ తిరిగారు. నేను చదివింది మళ్లీ చదివినట్టు చెప్పాను. అవునవునన్నారు.

మర్నాడు కూన మెడ నిలపలేకపోయింది. అవ్వ కూడా వస్తానని ఆటో ఎక్కింది. డాక్టరమ్మ బల్ల మీద పెట్టగానే కూన ఒక్కసారి వంకర తిరిగి కక్కింది. డాక్టరమ్మ వంగి చూసి, అద్దాలు పైకి తోసుకొని, బాపు వైపు తిరిగింది.

"ఏం పెట్టారు?"

"ఏం బెట్టలే మేడం."

"ఈ తెల్లటి ముద్దలేంటి మరి? పాలు విరిగినవి కావా?"

బాపు నేల చూశాడు. "గొర్రెపాలు మేడం. వేలు ముంచి నాకిపిచ్చిన, గంతే."

"ఈ గింజలు?"

"గది నేను గాదు."

"జొన్నగట్క నేను బెట్టిన" అంది అవ్వ, ఏమాత్రం వెనక్కి తగ్గకుండా. "సల్ల మా కోడలు పోసింది. తుమ్మచెట్టు కాడ, ఎవ్వలూ సూడకుండ."

డాక్టరమ్మకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. "ముగ్గురూ పెట్టి, ఒకరికొకరు దాచారా మామ్మగారూ?"

"మామ్మేంది, అవ్వ అను. దాసుడేంది బిడ్డా, ఆకలైన నోటికి బెట్టుడు డప్పు కొట్టి చెప్తరా?"

"అవ్వా, నా మాట వినండి." ఆవిడ గొంతు తగ్గింది. "ప్రేమ కొద్దీ పెట్టారు, నాకు తెలుసు. కానీ మీరు పెట్టిన ప్రతి ముద్దా దాని ఒంట్లో ఉన్న నీళ్లను బయటికి లాక్కొస్తోంది. నేను ఎక్కించేదంతా మీరు కక్కిస్తున్నారు. ఇవాళ కూడా పెడితే రేపు మీరు ఇక్కడికి రావాల్సిన పని ఉండదు."

అవ్వ ఇంటికి రాగానే కాళ్లు కడుక్కొని, దేవుడి గూట్లోంచి మల్లన్న బండారు పసుపు తీసి కూన నుదుట పెట్టింది. పసుపుదారం పేని దాని మెడకు కట్టింది. వాకిట్లో నిలబడి, పక్కింటికి కూడా వినబడేటట్టు చెప్పింది. "ఇయ్యాల్టి సంది గిది ఒక్కపొద్దు ఉన్నది. మల్లన్న ఒక్కపొద్దు. ఎవ్వలన్న దీని నోట్ల ఏమన్న బెట్టిన్రో, మల్లన్న సూసుకుంటడు, నేను గాదు."

అమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. "కుక్కకు ఒక్కపొద్దేంది అత్తమ్మా? నగుతరు నలుగురు."

"మల్లన్న ఎనుక నడిచేదే కుక్క గదనే. నియమం నీకన్న నాకన్న దానికే ఎక్కువ ఎరుక. దానితోని నేను గూడ ఉంటున్న."

ఇంట్లో ఆ మాట పనిచేసిన తీరు నేను కళ్లారా చూశాను. డాక్టరమ్మ చెప్పినప్పుడు, పుస్తకం చెప్పినప్పుడు ఆగని చేతులు ఒక పసుపుదారానికి ఆగిపోయాయి. పెట్టకపోవడం అంతదాకా క్రూరత్వం, ఇప్పుడది నిష్ఠ. ఆకలితో ఉన్న కూనను చూసి కళ్లు తిప్పుకున్నవాళ్లే దండం పెట్టి పక్కకు జరిగారు. కానీ అవ్వ అక్కడితో ఆగలేదు. బాపు వైపు తిరిగి, "మొక్కు లేని ఒక్కపొద్దు ఉత్త పస్తు. అది నోరు లేనిది, దాని మొక్కు నువ్వే మొక్కాలె. జల్దీ చెప్పు, ఏం మొక్కుతవ్?" అంది.

బాపు దొడ్డి దాకా పోయి గొర్రెలను చూసి వచ్చాడు. తరువాత, "గిది బతుకుతే, ఇది ఉన్నన్ని దినాలు మందను అమ్మను" అన్నాడు.

నేను అమ్మ ముఖం చూశాను. ఆమె చీపురు గోడకు ఆనించి, చెంబెడు నీళ్లు తాగి, "కుక్క ఒక్కపొద్దుకు నా బతుకంత పస్తా?" అంది. కాసేపటికి కూన కింద తడిసిన గోనెసంచి తీసి, ఉతికిన తన పాత చీర ముక్క పరిచింది ఆమే.

రోజూ పోయాం. అవ్వ తడిగుడ్డతో కూన పెదాలు అద్దేది. దానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. మెడలో దారం చూసి ఆవిడ అడిగితే అవ్వ సంగతంతా చెప్పింది. "ఒక్కపొద్దంటే ఉపవాసమా? భలేవారే, ఈ సలహా నాకే తోచాల్సింది" అంది డాక్టరమ్మ, సూదికి నరం వెతుకుతూ. కూన నరాలు దారపు పోగుల్లా ఉండేవి, దొరికేవి కావు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చొని, చెమట కారుతున్నా తుడుచుకోకుండా, ఒక కాలు కాకపోతే ఇంకో కాలు చూసేది. బయట కట్టేసిన బర్రెలు అరుస్తూ ఉండేవి. వాటి యజమానులు గొణిగేవాళ్లు. వాంతులు తగ్గాయి, నెత్తురు ఆగింది, ఒకనాడు కూన తనంతట తాను తల ఎత్తి ఈగను చూసింది. "ఇక పల్చటి గంజి పట్టండి. చెంచాడే. ఆగి, కక్కకపోతే మళ్లీ చెంచాడు" అంది డాక్టరమ్మ. అవ్వ నవ్వింది. "తీర్థం లెక్క."

ఒక్కపొద్దు విడవడమంటే ఊరికే తినడం కాదు. అవ్వ తలంటుకొని, వాకిలి అలికి, గంజిని ముందు మల్లన్న పటం ముందు పెట్టింది. కూన ముందు చెంచా పట్టింది బాపు. అది వాసన చూసింది. ముఖం తిప్పుకుంది. బాపు చెంచాను ఊది చల్లార్చాడు. మళ్లీ పట్టాడు. ఈసారి నాలుక బయటికి వచ్చి చెంచా అంచును తాకింది, వెనక్కి పోయింది, మళ్లీ వచ్చింది. చెంచా ఖాళీ అయింది. మేమంతా దాని గొంతు వైపు చూస్తూ కూర్చున్నాం. కక్కలేదు. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కింది, అయినా కక్కలేదు. అప్పుడు అవ్వ రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకొని, నమలలేక, అట్లాగే పట్టుకొని కూర్చుంది. కూనకు మల్లిగాడని పేరు పెట్టాం.

మల్లిగాడు బతికాడు. మొక్కూ బతికింది. మందను కొనడానికి వచ్చినాయన చేతులూపుకుంటూ పోయాడు, గోదాము పని ఇంకెవరికో పోయింది. చెరువు చుట్టూ రాళ్లు గోడలయ్యాయి, గోడల లోపల ఇళ్లు లేచాయి. బాపూ నేనూ మంద వెంట ఇంకా దూరం, ఇంకా దూరం నడిచాం. మల్లిగాడు ముందు నడిచేవాడు, తోక నిటారుగా పెట్టి, తన వల్లే ఇదంతా అని తెలియక. అమ్మ పెంట ఎత్తుతూనే ఉంది. "సూది కుక్కకేసింది డాక్టరమ్మ, నొప్పి మాత్రం నాకిచ్చింది" అనేది. మల్లిగాడికి పొద్దుటి రొట్టె పెట్టేది మాత్రం ఆమే. నేను ఇంటర్ చదవలేదు. చెట్టు కింద గొర్రెలు నెమరు వేస్తుంటే మేడ్చల్ గ్రంథాలయం పుస్తకాలు చదివాను. చరిత్ర, వైద్యం, ప్రయాణాలు, ఏది దొరికితే అది. ఆ గొర్రెలంత చదువు విన్న గొర్రెలు జిల్లాలో ఇంకోచోట ఉండవని నా నమ్మకం, ఎందుకంటే పైకి చదివేదాన్ని. కాలేజీ గేటు దాటకుండానే ఇంత చదివానని ఇప్పటికీ నాకు గర్వమే. అయితే అలసిపోయిన రోజున, ఆ గేటు లోపల ఏముండేదో అని అనిపించకపోదు.

క్యాండీ దగ్గర కూర్చొని ఇవన్నీ తలుచుకున్నాను. ఆ గూటి పైన చిన్న కెమెరా ఉంది. దాని అమ్మానాన్నలు ఆఫీసులోంచే ఫోనులో చూసుకోవచ్చట. "ఆంటీ, అది ఎడమవైపు తిరిగి పడుకుంది కదండీ?" అని ఆ అమ్మాయి ఫోను చేసింది. కాసేపటికి మళ్లీ చేసింది. ప్రేమ తక్కువేం కాదు. అప్పుడే అంతా బాగుండేదని నేను అనను. అప్పుడు మా వాడలో ఈ జబ్బుతో పోయిన కూనలను పెంటకుప్పల పక్కన పూడ్చేవాళ్లు. ఇప్పుడు ముందే టీకాలున్నాయి, నరం వెతికే చేతికి మంచి వెలుతురుంది, క్యాండీ కూడా కోలుకొని ఇల్లు చేరింది. ఒక్క తేడా మాత్రం చెబుతాను. ఇప్పుడు నోటికి ఏమీ ఇవ్వరాదని అట్ట తగిలిస్తే చాలు, ఎవరూ ఇవ్వరు. ఇవ్వడానికి పగలు ఇంట్లో మనిషి ఉండడు. మా కూనను ఆకలితో ఉంచడానికి ఒక డాక్టరూ ఒక పుస్తకమూ ఒక దేవుడూ కావలసి వచ్చారు.

మల్లిగాడు ముసలివాడై, పళ్లు ఊడి, ఒక మధ్యాహ్నం దొడ్డి నీడలో నిద్రలోనే పోయాడు. అప్పటికి అవ్వ లేదు. నాకు సూరారంలో ఫ్యాక్టరీలో పనిచేసే ఆయనతో పెళ్లయి, అక్కడి నుంచి వస్తూ పోతూ ఉన్నాను. బాపు వాడిని పూడ్చి, స్నానం చేసి, మందను కొనేవాళ్లకు కబురు పంపాడు. గొర్రెలు డీసీఎం లారీ ఎక్కుతుంటే ఒక్కొక్కదాన్నీ ముట్టుకున్నాడు. అమ్మ ఖాళీ దొడ్డి గుమ్మంలో నిలబడి, ఇంత స్థలం ఉందా ఇక్కడ అన్నట్టు చూసింది.

నేను అప్పుడు అడిగాను. "బాపూ, మొక్కకున్నా బతికేటోడేమో గద. డాక్టరమ్మ సూదులతోనే."

"బతికేటోడే. గది నాకు అప్పుడు గూడ ఎరుకే."

"మరి ఎందుకు మొక్కినవ్?"

"మీ అవ్వ మొక్కుమన్నది. ఇంట్ల అందరి చేతులు ఆగాలె. పెద్దది ఏదన్న మొక్కకుంటె నా చెయ్యే ఆగకపోవు."

ఆ తరువాత బాపు పడుకున్నాడు. జబ్బు కాదు. ఇన్నేళ్లు నడిచిన నడక ఒక్కసారి కాళ్లలోకి దిగింది, అంతే. ఎండ ముఖం మీద పడే దాకా మంచంలో ఉండేవాడు. అది చూడలేక, మా సూరారం ఇంటి వెనక ఈనిన కుక్క పిల్లల్లోంచి నల్లదాన్ని ఒకదాన్ని సంచిలో పెట్టుకొని బస్సులో తెచ్చాను. మంచం మీద, ఆయన చేతికి అందేంత దగ్గరలో వదిలాను. అది దుప్పటిలో ముక్కు దూర్చి కుయ్యిమంది.

బాపు దాన్ని ముట్టుకోలేదు. చేతులు రెండూ దుప్పటి లోపలికి తీసుకున్నాడు.

"తీస్కపో బిడ్డా" అన్నాడు. "దీన్ని సూస్తె మల్ల ఏదో ఒకటి మొక్కుత."

అటు తిరిగి పడుకున్నాడు. అమ్మ వచ్చి పిల్లను ఎత్తి నా సంచిలో పెట్టి, దారిలో దానికి పెట్టమని ఒక రొట్టె చుట్టి ఇచ్చింది.